ఎండకి పోయిన రోజులు

బిందుమాధవి మేడమ్ తన ఫ్లాస్కు మూతలో టీ పోసి గంగ చేతికిచ్చిన రోజు నాకు బాగా గుర్తు. రెండువేల మూడు, ఏప్రిల్ మూడో వారం. అరకులో మేం దిగిన లాడ్జి వరండా. ఆ ఫ్లాస్కుని ఆరేళ్ళు నేను మోశాను. నాలుగు సర్వేలు, లెక్కలేనన్ని బస్సులు, జీపులు. ఒక్కసారైనా ఆ మూతలో టీ నాకు రాలేదు. నాకు బయట కొట్టు నుంచి గ్లాసు తెప్పించేవారు. అందులో అవమానమేమీ లేదు, ఆ రోజు దాకా నేనూ అలా అనుకోలేదు. టీ మూత కోసం ఏడుస్తోందేమిటని మీరు నవ్వుకుంటే నవ్వుకోండి. ఏడ్చాను కాబట్టే చెబుతున్నాను.

నా పేరు రత్నాలు. మాది సాలూరు. దూరవిద్యలో ఎం.ఏ. ఎకనామిక్స్ చేశాను. అప్పటికి నాకు ముప్పై ఒకటి. సర్వే ఉన్న మూడు నాలుగు నెలలూ నేను ఇన్వెస్టిగేటర్ని, సర్వే అయిపోతే అన్నయ్య ఇంట్లో అదనపు కంచాన్ని. వదిన నోరెత్తి ఒక్క మాట అనేది కాదు, గిన్నెల చేత అనిపించేది. ఆ జూలై నుంచి, మేడమ్ పనిచేసే విశాఖపట్నం సంస్థలో ఒక పర్మనెంటు పోస్టు రాబోతోంది. రీసెర్చ్ అసిస్టెంట్. ఒక్కటే పోస్టు. మేడమ్ ఎవరి పేరు చెబితే వాళ్ళదే. ఆరేళ్ళుగా ఆవిడ పక్కన ఉన్నది నేనే కాబట్టి అది నాదేనని సాలూరులో నలుగురికీ చెప్పేశాను కూడా.

ఆ ఏడు మేడమ్ స్టడీ ఎండ మీద. ఎండలు మండిపోతే పనిచేసుకు బతికేవాళ్ళకి ఎన్ని పనిరోజులు పోతున్నాయి, ఆ రోజులు పోయినందుకు కూలిలో, పంటలో ఎంత తరుగు పడుతోంది, ఇదీ లెక్క. వడదెబ్బకి పోయినవాళ్ళని పేపర్లు రోజూ లెక్కపెడుతున్నాయి, బతికి మంచాన పడ్డవాళ్ళ రోజుల్ని లెక్కపెట్టే నాథుడే లేడని మేడమ్ అనేవారు. సగం ఊళ్ళు సాలూరు చుట్టూ మైదానంలో, సగం అరకు చుట్టూ కొండల మీద. మైదానం ఊళ్ళన్నీ నేనే చేశాను. అక్కడ మనుషులు వేళ్ళు మడిచి మరీ చెప్పారు, ఇన్ని రోజులు కూలికి పోలేదని, ఇన్ని రోజులు పడుకున్నామని. కొండ మీద ఎనభై ఇళ్ళు. నలభై నాకు, నలభై గంగకి.

అసలు గంగని తీసుకున్నది ఒడియా మాట్లాడే ఊళ్ళలో మాట కలపడానికి. మద్దిగుడ ఊరి కొండదొర గిరిజనుల పిల్ల. ఇరవై ఏళ్ళు, ఇంటర్ పాసయింది. వారం తిరక్కుండా మేడమ్ ఆ గుంటని ఇన్వెస్టిగేటర్ని చేసేశారు. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా. జీపులో ముందు సీటు ఆమెదయింది. "గంగ నా కళ్ళు" అన్నారు మేడమ్ ఒకసారి, డ్రైవర్ సన్యాసిరావుతో. మరి ఆరేళ్ళూ నేనేమిటి, కళ్ళజోడా?

నా పద్ధతి నాది. ఊళ్ళో బడి వరండాలో బల్ల వేయించుకుని కూర్చుంటాను. ఒక్కొక్కరినే పిలుస్తాను. రోజుకి పన్నెండు ఫారాలు, ఒక్క కొట్టివేత ఉండదు. గంగ రోజుకి మూడు చేసేది. తెల్లవారగానే ఊరివాళ్ళతో పాటు కొండెక్కేది, వాళ్ళతో పాటు అల్లం మళ్ళలో వంగేది, ఎండెక్కి వాళ్ళు నీడకి చేరినప్పుడు తనూ చేరి, అప్పుడు కాగితం తీసేది. ఒకసారి మట్టి మరకలున్న ఆమె ఫారాలు చూసి అడిగాను.

"సర్వే సేత్తన్నావా, కూలికెల్తన్నావా?"

"రెండూ అక్కా," అంది నవ్వుతూ.

ఆ నవ్వులో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే బావుండేది, తిట్టుకోవడానికి వీలుండేది.

మే మూడో వారంలో మేడమ్ మా ఇద్దరి ఫారాలూ పక్కపక్కన పెట్టుకున్నారు. "ఎండ వల్ల మీ చేనిపని ఆగిన రోజులు" అన్న గడిలో నా నలభై ఇళ్ళకీ సున్నా. గంగ ఇళ్ళకి ఎనిమిది, తొమ్మిది, పదకొండు. పైగా ఆమె ప్రతి ఫారం అంచున స్కేలు పెట్టి ఇంకో గడి గీసింది. "ఎవరి చేలోకి వెళ్ళారు, మీ పని ఏది మిగిలిపోయింది" అని పైన రాసింది.

"ఇదేమిటి గంగా?" అన్నారు మేడమ్.

"మా కాడ ఎండదెబ్బకి ఒకలు పడిపోతే మిగతావోల్లు ఎల్లి ఆల సేను పని సేసేత్తారు మేడమ్. ఎవులూ పిలవక్కర్లేదు. పడిపోయినోడి పని ఆగదు. ఎల్లినోడి పని ఆగిపోద్ది. కాయితంలో అయితే ఆడికీ సున్నాయే, ఈడికీ సున్నాయే."

"వెళ్ళినవాడు చెప్పొచ్చు కదా, నా పని ఆగిందని?"

"సెప్పకూడదు మేడమ్. సెప్తే సాయం సేసినట్టు కాదు, ఎత్తిపొడిసినట్టు. నాను ఆలతోపాటు సేన్లో ఉన్నాను గాబట్టి నాకు కనబడింది."

మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. అలా పెట్టారంటే ఆవిడకి ఏదో గొప్పగా దొరికిందన్నమాట. ఆరేళ్ళలో నా ఫారం చూసి ఆవిడ కళ్ళజోడు తీసిన పాపాన పోలేదు. అప్పుడు నా కడుపులో లేచిన మంటకి అరకు ఎండైనా సాలూరు ఎండైనా ఒకటే.

గంగ వెళ్ళిపోయాక నన్ను కూర్చోమన్నారు.

"ఇది నిజమైతే మన స్టడీలో అసలు సంగతి ఇదే రత్నాలూ. కొండల్లో నష్టం లేదని కాదు, చేతులు మారుతోంది. కానీ ఇరవై ఏళ్ళ పిల్ల చెప్పిందని రాసేస్తే నన్ను నిలబెట్టి అడుగుతారు. నువ్వు మద్దిగుడ వెళ్ళి, తను చేసిన ఇళ్ళలో పది మళ్ళీ చెయ్యి. ఫారంలో ఉన్నది అడుగు. దాంతో పాటు అక్కడ నీ కళ్ళతో ఏం చూశావో చెప్పు." ఒక్క క్షణం ఆగి, "ఇది తేలితే జూలై పోస్టుకి గంగ పేరు రాద్దామనుకుంటున్నాను. నీకు ఇంకో సర్వే ఉండనే ఉంటుంది. నీకు ఇలాంటి పట్టింపులు ఉండవని నాకు తెలుసు," అన్నారు.

దొంగ చేతికి తాళాలివ్వడం అంటే ఇదే. నేను తలూపాను.

సోమవారం పొద్దున్న సన్యాసిరావు నన్ను మద్దిగుడలో దింపి, గురువారం తొమ్మిదింటికి వస్తానని వెళ్ళిపోయాడు. బస గంగ ఇంట్లోనే. ఆమె నలభై ఇళ్ళలో ఇంకా ఆరు మిగిలాయి, అవి కొండకి అవతలి ఊళ్ళో. గురువారానికల్లా అవి పూర్తి చెయ్యాలని మేడమ్ గట్టిగా చెప్పి పంపారు. నేనొచ్చింది తన లెక్క సరిచూడ్డానికని గంగకి తెలుసు.

"మంచిదే అక్కా. నువ్వు సూస్తే మేడమ్ నమ్ముతారు," అంది.

"పొద్దు పదయింది. ఇప్పుడెల్లకు, ఎండ సల్లబడనియ్యి," అని కూడా అంది.

"అరకులో ఎండేటి? మాది సాలూరు," అన్నాను.

మొదటి ఇంట్లో సున్నా. రెండో ఇల్లు గాసి అనే రైతుది. అతను అరుగు మీద కూర్చుని ఉన్నాడు, మొహం పీక్కుపోయి ఉంది. అతని తల్లి సోములమ్మ జవాబులు చెప్పింది. చేనిపని ఎన్ని రోజులు ఆగిందని అడిగితే ఆగలేదంది. అల్లం నాటడం అయిపోయిందంది.

"ఒంట్లో బాగోలేదా?" అన్నాను గాసిని చూసి.

"పదకొండు దినాలు లేవలేదమ్మా. కొండ మీద ఎండకి పడిపోనాడు."

"మరి అల్లం ఎవులు నాటినారు?"

సోములమ్మ నా మొహంలోకి ఒకసారి చూసి, "అంబలి తాగుతావా?" అంది.

మూడో ఇల్లు బుధుది. గాసి పక్క చేను అతనిదే. అతనూ పని ఆగలేదన్నాడు. వాకిట్లో బుట్టనిండా విత్తనం అల్లం. ఎప్పుడో మట్టిలోకి వెళ్ళాల్సింది. ముడతలు పడి, చివుళ్ళు మాడి, చేత్తో పట్టుకుంటే తేలిగ్గా ఉంది. సగానికి సగం పనికిరాదని నాలాంటి మైదానం మనిషికీ తెలుస్తుంది. తల ఎత్తి చూస్తే ఎదురుగా ఏటవాలు మీద గాసి చేను బారులు తీరి నాటి ఉంది, పక్కన బుధు చేను గడ్డి మొలిచి బోడిగా ఉంది.

నాటింది బుధేనని అప్పుడే తెలిసిపోయింది. కాసేపటికి గంగ వచ్చి ఆ చేను చూపించి, అడక్కుండానే ఇంకో మాట చెప్పింది. "గాసి మావ ఎడంగా నాటుతాడు, బుధు మావ దగ్గరగా నాటుతాడు. గాసి మావ సేన్లోకి ఎల్తే మాత్రం బుధు మావ కూడా ఎడంగానే నాటాల. ఆల పని ఆలలాగే సెయ్యాల. అదే మా కాడ రూలు." గంగ ఫారంలో రాసిన ప్రతి అంకె నిజమని ఆ మాటతో నాకు పూర్తిగా అర్థమైంది.

అర్థమై కూడా మూడు ఇళ్ళకీ సున్నాలు వేశాను. నేను వేసింది అబద్ధం కాదు. ఫారంలో ఉన్న ప్రశ్న అడిగాను, వాళ్ళు చెప్పిన జవాబు రాశాను. చూసింది చెప్పడమా మానడమా అన్నది గురువారం మాట. అలా నాకు నేనే సర్దిచెప్పుకుంటూ నాలుగో ఇల్లు కూడా ముగించి, మిట్టమధ్యాహ్నం రాతిబాట మీద పైవీధికి బయల్దేరాను. గంగ గొడుగు ఇవ్వబోతే వద్దన్నాను. ఆమె గొడుగు కింద నడవడం నాకు చిన్నతనంగా తోచింది. సగం దారిలో కాళ్ళ కింద రాయి కదిలినట్టయింది. కదిలింది రాయి కాదు, నేను.

తర్వాత మంగళవారం అంతా, బుధవారం చాలావరకు నాకు ముక్కలుముక్కలుగానే తెలుసు. గంగ ఇంటి వసారాలో చాప. తల పగిలిపోతున్న నొప్పి. వాంతులు. నుదుటి మీద తడిగుడ్డ. నీళ్ళ అంబలి చెంచాతో పోస్తున్న ఎవరిదో చెయ్యి. ఒకసారి సోములమ్మ, ఒకసారి గంగ తల్లి. గంగ మాత్రం పగలు కనబడలేదు. తన ఆరు ఇళ్ళ కోసం అవతలి ఊరికి పోయిందనుకున్నాను. ఒళ్ళు కాలిపోతున్నా ఆ లెక్క మాత్రం బుర్రలో తిరుగుతూనే ఉంది. ఆమెకి నలభై పూర్తవుతాయి, నాకు పదిలో ఆరు మిగిలిపోతాయి, మేడమ్ దగ్గర చేతకానిదాన్నయిపోతాను.

బుధవారం సాయంత్రానికి లేచి కూర్చోగలిగాను. చేతిసంచి తడిమితే నా ఫారాల కట్ట దొరికింది. పదీ నిండి ఉన్నాయి. పేర్లు, వయసులు, టిక్కులు, అంకెలు, అన్నీ శుభ్రంగా నా పద్ధతిలోనే, అక్షరాలు కూడా నావిలాగే. ఒక్క మట్టి మరక లేదు. కింద నా సంతకానికి చోటు ఖాళీగా వదిలేసి ఉంది.

గంగ నీళ్ళ బిందెతో వచ్చింది.

"ఇవెవులు రాసినారు?"

"నానే అక్కా. బడి అరుగు మీద కూకుని ఒక్కొక్కలినే పిలిసినాను, నువ్వు పిలిసినట్టే."

పని ఆగిన రోజుల గడి చూశాను. ఆరిటికి ఆరూ సున్నాలు.

"ఇవి నువ్వు ముందు సేసిన ఇల్లే కదా. తొమ్మిదీ పదీ రాసినావు కదా ఈల్లకి?"

"అవును. ఇప్పుడు కాయితంలో ఉన్న పెశ్న ఒక్కటే అడిగినాను. ఆగలేదన్నారు. సున్నా ఏసినాను."

"నీకు తెలిసుండీ?"

"నాకు తెలిసింది నా కాయితాల్లో రాసినాను కదా. ఇది నీ పని. నీలాగే సెయ్యాల."

"ఈ సున్నాలు మేడమ్ సూస్తే నీ లెక్కంతా తప్పంటారు. నీకు తెలుసా?"

బిందె దింపి కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు మా ఊళ్ళో ఉన్నావు, బుధు మావ సేనూ గాసి మావ సేనూ సూసినావు. నువ్వు సెప్తావు కదా అక్కా," అంది.

"మరి నీ ఆరు ఇల్లు?"

"మిగిలిపోనాయి. ఏదో సెప్పుకుంటాను."

అప్పుడు నాకు ఏడుపొచ్చి ఉండాలి. ఆమె చెయ్యి పట్టుకుని ఉండాలి. కథల్లో అయితే అలాగే జరుగుతుంది. నాకు జరిగింది వేరు. టీ మూత చూసి పడ్డ కుళ్ళు, ముందు సీటు చూసి పడ్డ కుళ్ళు, మేడమ్ కళ్ళజోడు తీసినప్పటి మంట, అవన్నీ దీని ముందు దిగదుడుపు. ఉద్యోగం కోసం ఏడిస్తే ఉద్యోగం దొరికితే తీరుతుంది. ఈ గుంట దగ్గరున్నది నాకు ఏ పోస్టులోనూ దొరకదని తెలిసి కళ్ళు కుట్టాయి. పెన్ను తీసి ఆరు సంతకాలు పెట్టాను.

గురువారం లాడ్జి వరండాలో మేడమ్ నా ఫారాలు ఒకటికి రెండుసార్లు తిరగేశారు. గంగ స్తంభం పక్కన నిలబడింది.

"పదికి పది సున్నాలు," అన్నారు మేడమ్. గొంతులో కోపం లేదు, దిగులుంది. "గంగా, నీ ఆరు ఇళ్ళు ఏవి?"

"అవ్వలేదు మేడమ్. మంగళవారం, బుధవారం కుదర్లేదు."

"అంత గట్టిగా చెప్పి పంపాను కదా. ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది మేడమ్."

"ఇంట్లో ఎవరికైనా?"

"లేదు మేడమ్."

"మరి ఆ రెండు రోజులూ ఏం చేశావు?"

గంగ నేల చూస్తోంది. నా వైపు చూస్తే నన్ను అడిగినట్టవుతుందని కాబోలు, నా వైపు తలైనా తిప్పలేదు. రత్నాలు అక్క పడిపోయింది మేడమ్, ఆ ఫారాలు నేనే రాశాను మేడమ్ అని ఒక్క ముక్క అంటే చాలు. తన లెక్క నిలబడేది. అంతకంటే పెద్ద రుజువు మేడమ్‌కి ఇంకెక్కడా దొరకదు, ఇక్కడ ఈ వరండాలోనే కళ్ళ ముందు నిలబడి ఉంది. కానీ చేసినవాళ్ళు చెప్పకూడదు. చెప్పాల్సింది నేను.

మేడమ్ నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పు రత్నాలూ. నాలుగు రోజులు అక్కడున్నావు. ఒకరు పడిపోతే ఇంకొకరు వాళ్ళ పని ఎత్తుకోవడం, తన పని పాడైనా నోరెత్తకపోవడం, అలాంటిది నీ కళ్ళతో చూశావా? చూశానంటే ఈ సున్నాలు పక్కన పెట్టేస్తాను. నీ మాట చాలు నాకు."

నా మాట చాలట. ఆరేళ్ళుగా నేను ఎదురుచూసిన మాట అది.

"లేదు మేడమ్," అన్నాను. "అలాంటిదేమీ నాకు కనబడలేదు."

మేడమ్ గంగ ఫారాల కట్టకి తాడు చుట్టి విడిగా పెట్టారు. "చేసిన రోజులకి నీది నీకు పంపిస్తారు గంగా. ఇంక రానక్కర్లేదు," అన్నారు.

గంగ చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. నేను ఫారాలు సర్దే వంకతో వరండా చివరికి వెళ్ళాను. ఆమె కింద ఆగి, మేడమ్‌కి వినబడకుండా మెల్లిగా అడిగింది.

"తల తిరుగుడు తగ్గిందా అక్కా? ఇంకో రెండు దినాలు ఎండలోకి ఎల్లకు."

తగ్గిందన్నాను.

జూలై ఒకటో తారీకున విశాఖపట్నంలో చేరాను. మేడమ్ నన్ను అందరికీ పరిచయం చేస్తూ, ఆ ఎండల్లో కూడా రత్నాలు ఒక్క పనిరోజు పోగొట్టుకోలేదని చెప్పారు. రిజిస్టరులో నిజంగానే అలా ఉంది. పోయిన రెండు రోజులూ గంగ పేరున పడ్డాయి. రిపోర్టులో కొండ ఊళ్ళకి నష్టం లేదని వచ్చింది. దాన్ని చూసి ఒక స్వచ్ఛంద సంస్థ మరుసటి ఏడు ఎండాకాలం సాయం మైదానం ఊళ్ళకే ఇచ్చింది. మద్దిగుడ పేరు ఆ జాబితాలో లేదు. ఆ జాబితా టైపు చేసింది నేనే.

ఐదేళ్ళయింది. ఇప్పుడు నాకో బల్ల ఉంది, ఫ్యాను ఉంది, వదిన గిన్నెలు కూడా మెత్తబడ్డాయి. గంగ ఆ రోజు ఒక్క మాట అని ఉంటే ఇవేవీ ఉండేవి కావు. అనలేదు. ఆ తర్వాతెప్పుడైనా అన్నదని ఎవరైనా ఇవాళ వచ్చి చెబితే నాకెంత హాయిగా ఉంటుందో చెప్పలేను. అప్పుడు ఆమె కూడా నాలాంటిదే అనుకుని నిద్రపోతాను.